రెండు మెట్ల మధ్య ఇరుక్కున్న పాట

పాటలు ఫోన్లో ఊరికే వస్తున్న ఈ కాలంలో, రికార్డులు వేసి అమ్మే కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబితే కుర్రకారు నన్ను ఎగాదిగా చూస్తారు. ఆ కంపెనీ ఉన్నది హైదరాబాదులో కాదు, బందరులో అంటే అసలే నమ్మరు. నమ్మకపోతే పోయారు. మీలో ఎవరికైనా జీతం తక్కువా హడావిడి ఎక్కువా ఉండే ఉద్యోగం దొరికి, చేరాలా వద్దా అని గోళ్లు కొరుక్కుంటుంటే, ముందు ఈ సంగతి చదివి ఆ తర్వాత నిర్ణయించుకోండి.

నేను చేరేనాటికి అది కంపెనీ కాదు, కోనేరు సెంటరు దగ్గర క్యాసెట్ల కొట్టు. మా నాన్న పల్లెటూరి బడిలో మాస్టారు, మా చర్చి సంఘంలో పాటలు పాడించేవాడు. ఆ పాటల పిచ్చి కొంత నాకూ అంటింది కాబట్టి కౌంటరు వెనక నిలబడటం నాకు బరువనిపించలేదు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయి మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడమొచ్చింది. అదీ పోయాక కొట్టు మూసేస్తారనే అనుకున్నాను. మా ఓనరు గారు మూసే మనిషి కాదు. తన దగ్గరున్న పాత గ్రామఫోను రికార్డుల్లోంచి, ఎక్కడా దొరకని పాటలు ఏరి, కొత్త రికార్డులుగా వేస్తానన్నారు. వాళ్లావిడ తల బాదుకుంది. నేనూ మనసులో బాదుకున్నాను. కానీ మొదటి రికార్డు అమ్ముడైపోయింది!

ఎవరు కొన్నారంటారా? వెర్రి వేయి విధాలన్నారు. గుడివాడలో కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ ఒకాయన, విజయవాడలో పళ్ల డాక్టరు ఒకాయన, ఎక్కడెక్కడి వాళ్లో. అందరూ ఒక వాట్సాప్ గ్రూపులో చేరి పొద్దస్తమానం పాత రికార్డుల గురించే కొట్టుకునేవారు. తెనాలి నుంచి ఒక కాలేజీ అమ్మాయి మేం వేసిన ప్రతి రికార్డూ కొనేది. ఒకసారి ఫోన్లో, "ఏ మెషీన్ మీద వింటావమ్మా?" అని అడిగాను. "నా దగ్గర మెషీన్ లేదాంటీ" అంది. "మరి రికార్డెందుకు?" అన్నాను. "నేను కొనకపోతే మీరు ఇంకో రికార్డు ఎలా వేస్తారు?" అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. అలాంటి పిల్లల్ని నమ్ముకునే మా కంపెనీ నడిచింది.

మా పద్ధతులు రెండు. ఒకటి, రికార్డు అట్ట మీద పెడనలో అద్దించిన కలంకారీ గుడ్డ అతికేవాళ్లం. ఒక్కో రికార్డుకీ వేరే చెక్క అచ్చు చెక్కించేవాళ్లం. రెండోది మా ఓనరు గారి పంతం. ఫ్యాక్టరీవాళ్లు అన్ని కాపీలూ వెయ్యబోయే ముందు ఒక శాంపిల్ రికార్డు పంపిస్తారు. దాన్ని పాడినవాళ్ల ఇంటికి తీసుకెళ్లి, వాళ్ల మనుషుల ముందు పెట్టి వినిపించాలి. వాళ్లు సరేనంటేనే రికార్డు. కాదంటే, ఎంత ఖర్చయినా ఆగిపోవాల్సిందే. "పాట వాళ్లింటి పిల్ల. కన్నవాళ్లని అడక్కుండా ఊళ్లో తిప్పుతామా?" అనేవారు. మా అభిమానులు మమ్మల్ని నెత్తిన పెట్టుకున్నది సగం ఈ పద్ధతి చూసే. నేను చెప్పబోయే రోజున మా కొంప ముంచబోయిందీ ఈ పద్ధతే, గట్టెక్కించిందీ ఇదే.

అసలు కథ పమిడిముక్కలలో ఒక సెలూన్లో మొదలైంది. మాకు చల్లపల్లిలో ఒక మాస్టారు ఉన్నారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పాత రికార్డు వాసన తగిలితే పెళ్లి భోజనం మీంచైనా లేచిపోయే రకం. ఆ రోజు నిజంగా పెళ్లికే వెళ్లి, గడ్డం గీయించుకుందామని సెలూన్లో కూర్చుని నాకు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, టైమెంతయింది?"

"పదకొండు, మాస్టారూ."

"నాకిక్కడ పన్నెండున్నర చూపిస్తోంది. రికార్డు మీద!"

ఏం జరిగిందంటే, ఆ సెలూను గోడమీద ఒక గ్రామఫోను రికార్డుకి మధ్యలో ముళ్లు బిగించి గడియారంగా వేలాడదీశారు. మధ్యనున్న కాగితం సగం చిరిగిపోయింది. కంపెనీ పేరు లేదు, పాడినవాళ్ల పేరు లేదు. మిగిలిన సగంలో 'క్రైస్తవ కీర్తన' అన్న ముక్క, కింద 'దివిసీమ' అన్న మాట మాత్రం కనిపిస్తున్నాయి. మా ప్రాంతపు కీర్తన ఒకటి ఆ రోజుల్లో రికార్డయిందని మేమెవరం ఎప్పుడూ వినలేదు. మాస్టారు సగం గడ్డంతోనే మాట్లాడుతున్నారని నాకు తర్వాత తెలిసింది.

సెలూనాయన ఎంతకీ ఇవ్వనన్నాడు. "మా నాన్న పెట్టిన గడియారమండీ, తీసేస్తే గోడ బోసిపోద్ది" అన్నాడు. మరునాడు మా ఓనరు గారు దర్జాగా గంటలు కొట్టే పెద్ద గడియారం కొనుక్కెళ్లారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గంటకోసారి అరుస్తదా? నా కత్తి కింద మనిషి ఉలిక్కిపడితే మీరొస్తారా జవాబు చెప్పడానికి?" అన్నాడు. పాపం మా ఓనరు గారు మళ్లీ బందరొచ్చి, అరవని గడియారం కొనుక్కుని వెళ్లాల్సొచ్చింది. ఆ సాయంత్రం రికార్డుని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కొట్లోకి వచ్చారు. వాళ్లావిడ చూసి, "నన్ను పెళ్లి చేసుకుని తెచ్చినప్పుడు కూడా ఇంత జాగ్రత్త లేదు" అంది.

ఒక పక్క గడియారం ముళ్లు గీరుకుని పాడైపోయింది. రెండో పక్క కాగితం ఊడిపోయింది గానీ గీతలు బాగానే ఉన్నాయి. కానీ గడియారం బిగించినవాడు కాల్చిన మేకుతో రంధ్రం పెద్దది చేశాడు. అదీ నడిమధ్యన కాదు, ఓ పక్కకి. అలాంటి రికార్డు తిప్పితే పాట ఉయ్యాల ఊగుతుంది. గుడివాడలో మా సౌండ్ అమ్మాయి ఉండేది. ఇంజినీరింగ్ చదివి, సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్న పిల్ల. పాత రికార్డుల్లోంచి పాటని శుభ్రంగా బయటికి తియ్యడంలో దాన్ని మించినవాళ్లు లేరు. మొండిది. ఆ ఊగుడు పోయేదాకా అన్నం సహించలేదు దానికి. మాకందరికీ కూడా ఆ ఊగుడు మీదే ధ్యాస. రోజూ ఫోన్లు: "తగ్గిందా?" "ఇంకా ఉంది." "ఇవాళ?" "కొంచెం తగ్గింది." ఇంట్లో జ్వరమొచ్చిన మనిషి గురించి అడిగినట్టు అడిగేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఆంటీ, రండి" అంది. అంతే, ఓనరు గారూ నేనూ గుడివాడ బస్సెక్కాం. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హార్మోనియం మొదలైంది. దాని వెనకే ఒక ఆడపిల్ల గొంతు.

రేవు దాటించే నావ నీదయ్యా
రేపటి దాకా ఆపకయ్యా

సన్నగా, చురుగ్గా, గలగలమంటూ ఉంది గొంతు. పన్నెండేళ్లు మించవనిపించింది. పాట అయిపోయాక ఒక్క క్షణం ఆగి, ఆ పిల్ల తన పేరూ ఊరూ చెప్పింది. ఆ కాలంలో రికార్డు చివర అలా చెప్పుకోవడం రివాజు. ఓనరు గారు హెడ్‌ఫోన్లు తీసేసి, "బాలగాయని!" అని అరిచారు. స్టూడియో కింద టిఫిన్ సెంటరు వాళ్లు తలెత్తి చూశారు.

గ్రూపులో చిన్న ముక్క పెట్టామో లేదో ఫోన్లు మోగిపోయాయి. మనవైపు అంత చిన్నపిల్ల రికార్డిచ్చిందా అని ఒకరు, ఆ పిల్ల తర్వాత ఏమైందని ఒకరు, నాకు రెండు కాపీలని ఒకరు. రికార్డుకి ఒక పక్కే పాట, రెండో పక్క ఖాళీ అని చెప్పినా ఎవరూ లెక్కచెయ్యలేదు. అందరూ ముందే డబ్బు కట్టేశారు. పెడనలో అచ్చు చెక్కే ఆయనకి కబురు పెట్టాం. నావ అంచున నిలబడి పాడుతున్న రెండు జడల పిల్లని చెక్కిచ్చాడు. నాకు ఆ బొమ్మ ఎంత నచ్చిందంటే, మొదట అద్దిన గుడ్డ ఇంటికి తీసుకెళ్లి అందరికీ చూపించాను.

ఇక ఆ పిల్ల తాలూకు మనుషుల్ని వెతకాలి. ఊరి పేరు నాగాయలంక దగ్గరిది. నాకు తెలిసిన సంఘాలకి ఒక్కొక్కటిగా ఫోన్లు చేశాను. మూడో ఫోనుకే దొరికారు. పాడినావిడ కూతురట, ఎనభై దాటిన మామ్మగారు, నాగాయలంకలో కోడలి దగ్గర ఉంటున్నారు.

"మా అమ్మ రికార్డా?" అన్నారు మామ్మగారు ఫోన్లో. "అది ఉప్పెనలో పోయిందిగా, అమ్మా."

"ఇంకోటి దొరికిందండీ. పమిడిముక్కలలో."

మామ్మగారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. తనకి ఏడో ఎనిమిదో ఏళ్లప్పుడు తల్లి జ్వరంతో పోయింది. తండ్రి ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆ రికార్డు పెట్టేవాడు. తండ్రి పోయాక తనే పెట్టుకునేది. ఉప్పెనొచ్చి ఇల్లూ గ్రామఫోనూ రికార్డూ అన్నీ తుడిచిపెట్టేసింది. "అప్పట్నుంచీ మా అమ్మ గొంతు వినలేదు. నేనుండగానే తెండమ్మా" అన్నారు. తెస్తామని మాటిచ్చాను. అమ్మగారు ఏ వయసులో పాడారండీ అని మాత్రం అడగలేదు. నేనే కాదు, మాలో ఎవరికీ అడగాలని తోచలేదు.

శాంపిల్ రికార్డు వచ్చింది. ఆ వారంలోపు సరేనని చెప్పకపోతే ఫ్యాక్టరీలో మా వంతు పోతుంది, మళ్లీ నెలల తరబడి ఆగాలి. ఒక శనివారం పొద్దున్నే ఓనరు గారి వ్యానులో బయల్దేరాం. చల్లపల్లిలో మాస్టారిని ఎక్కించుకున్నాం. ఆయన పట్టు పంచె కట్టుకొచ్చారు. సౌండ్ అమ్మాయి మెషీన్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ప్రతి గతుక్కీ డ్రైవర్ని తిడుతూనే ఉంది. నేను కలంకారీ అట్ట పట్టుకున్నాను. అవనిగడ్డ దాటాక నాకు పరీక్ష రాయడానికి వెళ్తున్నట్టుంది.

మామ్మగారు బక్కగా, తెల్లచీరలో, వాకిట్లోనే కుర్చీ వేసుకుని మా కోసం చూస్తున్నారు. "వందనాలమ్మా, వందనాలు బాబూ" అంటూ ఒక్కొక్కరి చేతులూ పట్టుకున్నారు. కోడలు ఏఎన్ఎమ్ నర్సు ఉద్యోగం చేస్తుంది, ఆదివారాలు గుళ్లో హార్మోనియం వాయిస్తుంది. గుడి నుంచి అరడజను మంది ఆడవాళ్లు కూడా వచ్చి చాపమీద కూర్చున్నారు. గదిలో ఓ మూల లేసు గుడ్డ కప్పిన పాత హార్మోనియం ఉంది.

"అది మా అమ్మదే" అన్నారు మామ్మగారు, నేను చూడటం గమనించి. "ఆ పాటకి వాయించింది కూడా దాంతోనే. ఉప్పెనప్పుడు రిపేరుకని బందరులో ఇచ్చాం. ఇంట్లో ఉండుంటే అదీ పోయేది. మా ఇంటి మొత్తానికి మిగిలింది అదొక్కటే."

సౌండ్ అమ్మాయి మెషీన్ సర్దింది. ఫ్యాను ఆపించింది. "దయచేసి పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకండి" అంది. రికార్డు తిరిగింది. హార్మోనియం, ఆ వెనక రెండు జడల పిల్ల గొంతు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరించేది. నేను మామ్మగారి మొహమే చూస్తున్నాను. ఆవిడ తల కొంచెం ముందుకి వంచి వింటున్నారు. పాట అయింది. పేరూ ఊరూ కూడా వినిపించాయి. మాస్టారు అప్పటికే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"బాగుంది" అన్నారు మామ్మగారు. "ఎవరిదండీ ఈ గొంతు?"

మాకు అర్థం కాలేదు. "మీ అమ్మగారిదే కదండీ. పేరు విన్నారుగా" అన్నారు ఓనరు గారు.

"పేరు అమ్మదే. ఊరు మాదే. గొంతు మాత్రం మా అమ్మది కాదు."

మాస్టారు బతిమాలుతున్నట్టు, "చిన్నప్పటి గొంతు కదండీ, మీరు విన్నది పెద్దయ్యాక..." అన్నారు. మామ్మగారు ఆయనకేసి జాలిగా చూశారు. "నేను చంకలో ఉండగా పాడింది బాబూ మా అమ్మ. చిన్నప్పుడేంటి? ఇది ఎవరో పిల్ల. ఎవరో పాడి మా అమ్మ పేరు చెప్పారు."

మా ఓనరు గారి మొహం మాడిపోయింది. గొంతు మారకుండానే, "ఇంటివాళ్లు కాదంటే కాదు. ఆపేద్దాం" అన్నారు. ఆ మనిషి మీద నాకు అప్పుడున్నంత గౌరవం మరెప్పుడూ లేదు, అంత కోపమూ లేదు. కట్టిన డబ్బులు తిరిగివ్వాలి, ఇన్నాళ్ల శ్రమ గంగలో కలిసింది, అవన్నీ తర్వాత. నన్ను కోసేసింది మామ్మగారి మొహం. "మీరేం చేస్తారమ్మా, మీరు మంచికే తెచ్చారు" అని నన్నే ఓదారుస్తున్నారు. ఆశపెట్టి ఏడిపించాం ఆవిడని. తలెత్తలేకపోయాను.

అప్పుడు చాపమీద నుంచి ఒకావిడ, "పాడిందెవరైతేనేం, పాట మనదేగా. ఇంకోసారి పెట్టమ్మాయ్, పాడదాం" అంది.

"పాడకూడదండీ, ఇది వినడానికి" అంది సౌండ్ అమ్మాయి. ఏడుపు ఆపుకుంటోంది పాపం.

"పాట వస్తుంటే నోరు మూసుకుని కూర్చోడం మా సంఘంలో లేదమ్మా" అంది ఆవిడ. మిగతావాళ్లు నవ్వారు. నిజమే, నేనూ ఆ గుళ్లలోనే పెరిగాను. పాట వినిపిస్తే గొంతు కలపాల్సిందే, రాకపోయినా సరే. మేమేమో ఇన్ని నెలలూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, భక్తిగా విన్నాం. ఆ పాటతో ఒక్కరం కూడా గొంతు కలపలేదు.

పిల్ల ఇక ఏం చేస్తుంది, మళ్లీ పెట్టింది. ఆడవాళ్లు అందుకున్నారు. కోడలు లేసు గుడ్డ తీసి హార్మోనియం ముందుకు లాక్కుంది. రెండు క్షణాలు వాయించి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. "శ్రుతి దొరకట్లేదే" అంది. ఐదు శ్రుతి మెట్టు నొక్కితే పాట దానికంటే పైన ఉంది. పక్కనున్న ఐదున్నర నొక్కితే పాట దానికంటే కింద ఉంది. హార్మోనియం మీద ఆ రెండు మెట్ల మధ్య ఇంకేం లేదు. పాడుతున్నవాళ్లు కూడా కొందరు అటూ కొందరు ఇటూ జారిపోయి, పాట కాస్తా సంతగోలైంది.

కోడలు చెయ్యి తీసేసి అంది: "అత్తయ్యా, వాళ్లు ఈ హార్మోనియంతోనే గదా వాయించింది? మరి దీంట్లో లేని శ్రుతి రికార్డులోకి ఎట్టా వచ్చింది?"

మాస్టారు, సౌండ్ అమ్మాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇన్నేళ్లలో లోపలి రీడ్లు శ్రుతి మారవా?" అన్నారు మాస్టారు. "కొంచెం మారతాయి సార్. అన్నీ కలిసి ఒకేలా సగం మెట్టు మారవు" అంటూనే ఆ పిల్ల లేచి నిలబడింది. "స్పీడు! సార్, స్పీడు!" అని కేక పెట్టింది.

మీకు రెండు ముక్కల్లో చెబుతాను. రికార్డు చేసేటప్పుడు పళ్లెం ఎంత వేగంతో తిరిగిందో, వినేటప్పుడూ అంతే తిరగాలి. ఎక్కువ తిరిగితే పాట పరిగెత్తుతుంది, గొంతు సన్నబడుతుంది, పెద్దావిడ చిన్నపిల్లవుతుంది. ఊరూరూ తిరిగి రికార్డు చేసుకున్న ఏ చిన్న కంపెనీవాళ్లో, వాళ్ల మెషీన్ నెమ్మదిగా తిరిగిందన్నమాట. మేం మామూలు వేగంతో తిప్పాం. ఊగుడు పోగొట్టడానికి అందరం కళ్లల్లో వత్తులేసుకుని కూర్చున్నాం గానీ, అసలు వేగం సరైనదేనా అని ఒక్కరికీ అనుమానం రాలేదు.

మెషీన్ పక్కన వేగం తగ్గించే మీట ఉంది. సౌండ్ అమ్మాయి పాట మళ్లీ మొదలెట్టి, దాన్ని వెంట్రుకవాసి కిందికి జరిపింది. కోడలు ఐదు శ్రుతి మెట్టు నొక్కి పట్టుకుంది. పాట దిగింది, దిగింది, వచ్చి ఆ మెట్టు మీద కూర్చుంది. చాపమీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టారు నా భుజం పట్టుకుని కుదిపేస్తున్నారు.

మామ్మగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "దగ్గరికొచ్చింది. ఇప్పుడు మా పిన్నిలాగుంది. అమ్మ కాదు."

"ఇంకా దించు" అన్నారు ఓనరు గారు.

దించింది. పాట మళ్లీ మెట్ల మధ్యకి జారిపోయి, ఎటూ కాకుండా మూలిగింది. కోడలు నాలుగున్నర మెట్టు మీద వేలు పెట్టింది. ఇంకొంచెం, ఇంకొంచెం. పాట వచ్చి ఆ మెట్టుతో కలిసిపోయింది. ఏది హార్మోనియం గదిలోదో, ఏది రికార్డులోదో తెలియలేదు. గలగలలాడిన గొంతు నిండుగా, కొంచెం బొంగురుగా, నిదానంగా మారిపోయింది. ఇంతకుముందు హడావిడిగా మింగేసిన మాటలు విడివిడిగా వినిపిస్తున్నాయి. రేవు దాటించే నావ నీదయ్యా.

మామ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"అదీ" అన్నారు. "అదే మా అమ్మ."

నేను ఏడ్చాను. దాచడమెందుకు? మాస్టారు ఏడ్చారు, మా ఓనరు గారు గోడకేసి తిరిగి నిలబడ్డారు. సౌండ్ అమ్మాయి మాత్రం మీట మీద వేలు తియ్యకుండా కూర్చుని, ఎవరైనా తగిలితే చంపేస్తానన్నట్టు చూస్తోంది. సంఘం ఆడవాళ్లు అప్పటికే గొంతెత్తారు. ఈసారి ఒక్కరూ జారలేదు. ఉద్యోగంలో నాకు దొరికిన జీతమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క పాట ఒక ఎత్తు.

పాట అయ్యాక మామ్మగారు మెషీన్ దగ్గరకొచ్చి, వంగి ఆ మీటని పరీక్షగా చూశారు. "మా గ్రామఫోను పెట్టెక్కూడా ఇట్టాంటిది ఉండేది. పాట పెట్టే ముందు మా నాన్న దాన్ని ఇదిగో ఇక్కడిదాకా జరిపేవాడు. అమ్మని పరిగెత్తించకూడదే అనేవాడు నాతో" అన్నారు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగదా మామ్మగారూ!" అన్నారు మాస్టారు, తట్టుకోలేక.

"మీరడిగారా?" అన్నారావిడ.

రొయ్యల వేపుడుతో అన్నాలు పెట్టారు. తింటూ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మా వంతు వదులుకున్నాం. మళ్లీ శాంపిల్ తియ్యాలి, నెలలు పడుతుంది. గ్రూపులో సంగతంతా రాస్తే పండగ చేసుకున్నారు. ఒక్క పళ్ల డాక్టరు గారు మాత్రం, నాకు ఆ చిన్నపిల్ల గొంతే కావాలని అలిగారు. మీ మెషీన్ మీద మీట ఉంటే మీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకోండి అని రాశాను.

అన్నాలయ్యాక నాకు కొత్త బెంగ పట్టుకుంది. కలంకారీ అట్ట! రెండు జడల పిల్ల! అచ్చు చెక్కేశారు, గుడ్డలన్నీ అద్దేశారు. ఇక్కడ చూస్తే పాడింది చంటిబిడ్డ తల్లి. అట్టని నా చీర కొంగు కింద దాచుకుని కూర్చున్నాను. మామ్మగారు రెండోసారి పాట పెట్టించుకుని, ఈసారి కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ విన్నారు. అయ్యాక నా వైపు తిరిగి, "ఏంటమ్మా దాస్తున్నావు?" అని అడిగారు.

చూపించాను. "పొరపాటైందండీ. చిన్నపిల్లనుకుని చెక్కించాం. మార్పిస్తాం" అన్నాను.

ఆవిడ అట్టని ఒళ్లో పెట్టుకుని, ఆ జడల మీద వేలితో నిమిరారు. కిటికీ బయట కోడలి కూతురు స్కూటీ ఆపి లోపలికొస్తోంది, ఎక్కడో ఉద్యోగం చేస్తున్న పాతికేళ్ల పిల్ల. మామ్మగారు ఆ అమ్మాయిని చూశారు, మళ్లీ బొమ్మని చూశారు.

"మార్చొద్దు" అన్నారు. "మా నాన్నతో వింటున్నప్పుడు ఎంత పెద్దదో మా అమ్మ అనిపించేది. ఇప్పుడు విన్నాక తెలిసింది. ఎంత చిన్నపిల్లండీ మా అమ్మ!"